గోడ మీద ఎర్ర గీత

ఆదివారం మధ్యాహ్నం. మాచర్లలో అక్క ఇంట్లో, అటక మీంచి దించిన పాత వీడియో గేమ్ ముందు అక్కా తమ్ముడూ కూర్చున్నారు. చిన్నప్పటిలాగే తెర మీద ఊరు కడుతున్నారు.

“ఒరేయ్, నా బజారంతా పడగొట్టావేందిరా?”

“ఇరుకు సందుల్లో ఊరు పెరగదక్కా. ముందు రోడ్డు, తర్వాతే కొట్లు.”

“జనం నడిచిన చోట రోడ్డెయ్యాలి. రోడ్డు కోసం జనాన్ని లేపేస్తారా?”

“అట్టా ఆడబట్టే నీ ఊరు ఏనాడూ పదివేల జనాభా దాటలా.”

“అందుకేనా మొన్న మా కొట్టు గోడ మీద ఎర్ర గీత గీసిపోయావు?”

“సర్వేయర్ని. రోడ్డు వెడల్పు చెయ్యాలని ఆఫీసు గియ్యమంది, గీశా.”

“మా అత్తకు కళ్ళు ఆనవు. బొట్టనుకొని దానికి పూలు పెట్టింది, తెలుసా?”

“నన్నేం చెయ్యమంటావు?”

“ఆ గీత దాకా కొట్టేస్తే మాకేం మిగిలిద్ది?”

“వెనక గోడ.”

“ఆ ముక్క కడుపులో పెట్టుకొని నా చేతి అన్నం తిన్నావు.”

“అరవమాకక్కా. ఆట ఇంకా సేవ్ చెయ్యలేదుగా. ఆపి మళ్ళీ పెడితే నీ బజారు నీకు వచ్చిద్ది.”

“అయితే లెగు. మా కొట్టు కాడ ఏ బటన్ నొక్కాలో చూపిద్దువుగాని, పద.”