కల్లంలో ఇంటర్వ్యూ

ప్రసూన అని, మన సాంబ్రాజ్యమ్మ కోడలు, హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేసేది, తొమ్మిదేళ్ళు. ఏం పనే అంటే వేరేవాళ్ళు చేసిన దాంట్లో తప్పులు పట్టే పనంట. తప్పులు పడితే జీతమిస్తారా అని మా ఆయన నోరు తెరిచాడు. మరి నేను ముప్పయ్యేళ్ళబట్టీ ఊరికే పడతన్నా కదా. సరే, ఏమైందంటే, ఒక సోమవారం పొద్దున ఆఫీసుకి పోయి మెడలో కార్డు గేటుకి ఆనించిందంట. గేటు తెరుచుకోలా. మళ్ళీ ఆనించింది, తెరుచుకోలా. వాచ్‌మెన్ చూసి, అమ్మా, పొద్దుట్నించీ ఇట్టా ముప్పైమంది వచ్చారు, ఫోన్లో మెయిల్ చూసుకోండి అన్నాడంట. చూసుకుంటే ఏముంది, నీ పని అయిపోయింది, ఇన్నాళ్ళు చేసినందుకు సంతోషం అని ఉంది. అంతే అనుకో. తొమ్మిదేళ్ళ కొలువు గేటు బయటే తెగిపోయింది.

ఉద్యోగం పోయిందని ఏడిచింది అదొక్కతే. ఇంటిల్లిపాదీ సంతోషించారు. మొగుడు శివన్నారాయణ నరసరావుపేట కాలేజీలో లెక్కలు చెప్తాడు కదా, పిల్ల ఇక్కడ నాయనమ్మ దగ్గర, ఇది అక్కడ హాస్టల్లో, వారానికోసారి రావటం పోవటం. ఇన్నాళ్ళకి కోడలు కొంపకి చేరింది, దేవుడు చల్లగా చూశాడు అని సాంబ్రాజ్యమ్మ కొబ్బరికాయ కొట్టింది. మొగుడు మంచోడేలే, నోరెత్తి తిట్టడు, గడువు పెడతాడంతే. జూన్‌లో పిల్ల బడి తెరిచేదాకా చూడు ప్రసూనా, అప్పటికీ ఇంకో ఉద్యోగం రాకపోతే ఇంక ఆ ఊసెత్తొద్దు, మనశ్శాంతిగా ఇంటిపట్టున ఉండు అన్నాడంట. మనశ్శాంతి ఎవరికో మాత్రం చెప్పలా.

మన ఊళ్ళో ఇళ్ళల్లో సిగ్నలు లేక ఫోను పలకదు కదా. పలికేది ఈ మిరపకల్లం దగ్గరొక్కచోటే. అందుకని అది ఒళ్ళో పెట్టుకునే కంప్యూటరొకటి తెచ్చుకుని మన తాటాకు పందిట్లో కూచునేది. కల్లంలో కూచున్న మనిషి చేతులు ఖాళీగా ఉంటే కాయకి బూజు పడుద్దని కదా మన మాట. పెళ్ళిచూపులకొచ్చినోళ్ళ ముందైనా దోసెడు కాయలు పోసి మాట్లాడే ఊరు మనది, కోడలైతే వదులుతామా? బుట్టెడు దాని ముందు పోశా. మంచికాయ ఇటు, రంగు పోయిన తాలుకాయ అటు. పది రోజులు చేతులు మండి మజ్జిగలో ముంచుకుంది. ఆ తర్వాత చూడకుండానే ఏరేసేది అనుకో. మొహం కంప్యూటరు వైపు, చేతులు కాయల్లో. అవతలివాళ్ళకి మొహమే కదా కనపడేది.

పదకొండు కంపెనీలోళ్ళు ఆ కంప్యూటర్లోనే ఇంటర్వ్యూ చేశారు దాన్ని. చివరికొచ్చేసరికి అందరిదీ ఒకటే మాట, ఇన్ని నెలలుగా ఏం చేస్తన్నారండీ అని. మొగుడు జవాబొకటి నేర్పాడు. కొత్త కోర్సు చదువుతున్నానని చెప్పు, మిరపకాయల మాట ఎత్తావా పరువు పోద్ది అని. పాపం అదీ అట్టాగే చెప్పేది. ఏం కోర్సండీ అనేవాళ్ళు. అక్కడ నీళ్ళు నమిలేది. సరే, మళ్ళీ చెప్తాం అనేవాళ్ళు. మళ్ళీ చెప్పినోడు ఒక్కడూ లేడు. మే నెలాఖరైంది. సాంబ్రాజ్యమ్మ అప్పుడే కోడలికి కొత్త గ్రైండరు కొనిపెట్టింది.

పన్నెండోది గుంటూరు కంపెనీ. వాళ్ళేం చేస్తారంటే, మిరపకాయలు ఏరే మిషను చేస్తారంట. తిరిగే రబ్బరు పట్టా మీద కాయలు పోతుంటే పైనించి కెమెరా చూసుద్ది, ఇది మంచిది, ఇది తాలు అని అదే చెప్పుద్ది. కళ్ళజోడాయనొకడు కంప్యూటర్లో ఆ మిషను కాయలు ఏరే వీడియో చూపించి, దీన్నెట్టా పరీక్ష చేస్తారో చెప్పండి మేడం అన్నాడు. ఇది చూసి చూసి, ఆపండి, నాలుగో కాయ తాలు అంది. మిషను మంచిదనే చెప్పిందే అన్నాడాయన. మిషను తప్పు చెప్పింది అంది. మీకెట్టా తెలుసు అన్నాడు. అప్పుడేం చేసిందనుకున్నావు, కోటమ్మత్తా, ఇటు చూడు అని ఆ కంప్యూటరు నా వైపు తిప్పింది. నేను కళ్ళు చికిలించి చూశా. తాలేగా అన్నా. ఒళ్ళంతా ఎరుపే గానీ తొడిమ కింద చూడు, పాలిపోలా? అదట్టాగే కాయంతా పాకుద్ది.

ఎవరండీ ఆవిడ అన్నాడు కళ్ళజోడాయన. మా సీనియరండీ, ఐదు నెలలుగా ఈవిడ కింద పని చేస్తన్నా అంది ప్రసూన. మొగుడి కోర్సు ఆ పూట మర్చిపోయినట్టుంది. మర్చిపోయిందే గానీ మాట తడబడలా. సార్, మిషనుకి నేర్పిన ఫొటోలకి మంచి, తాలు అని పేర్లు పెట్టిందెవరు అని అడిగింది. మిర్చి యార్డులో కొనుగోళ్ళు చూసే గుమాస్తాలండీ, అనుభవం ఉన్నవాళ్ళు అన్నాడు. నేనింక ఊరుకోలేకపోయా. గుమాస్తాలు సంచులు చూస్తారయ్యా, వాళ్ళు కూచుని కాయ ఏరంగా ఎవరన్నా చూశారా, ఏరేది మేము అన్నా. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఆ నాలుగో కాయని మళ్ళీ దగ్గరగా చూశాడు.

నాలుగు రోజులకి ఉద్యోగానికి రమ్మని కబురొచ్చింది. ఇది వెంటనే ఎగిరి గంతెయ్యలా. ఫొటోలకి మళ్ళీ పేర్లు పెట్టాలి, పెట్టేది మా కల్లం ఆడవాళ్ళు, గుమాస్తాలకిచ్చిన డబ్బే వాళ్ళకీ ఇవ్వాలి అని రాయించుకుని అప్పుడు సరే అంది. మొగుడితో చెప్తే, చూశావా, కోర్సని చెప్పమన్నా కదా, పనికొచ్చింది అన్నాడంట. అది నవ్వి, మీ గడువింకా తొమ్మిది రోజులు మిగిలింది, దాచుకోండి అందంట. గ్రైండరు మాత్రం అత్తగారే వాడుకుంటంది.

ఏంటి మస్తానమ్మా, ఆ మిషనొస్తే మన పనేం కాను అంటావా? నేనూ అదే అడిగా. అది అబద్ధం చెప్పలా. పోవచ్చత్తా, నాకు పోయినట్టే అంది. మరి తెలిసీ వెళ్తన్నావే అన్నా. నేను వెళ్ళకపోయినా మిషనొచ్చుద్ది, అప్పుడు గుమాస్తాలు చెప్పిందే చెల్లుద్ది అంది. ఏమోలే. నేనైతే వారానికి రెండు రోజులు బస్సెక్కి పోతన్నా, ఫొటోలు చూసి పేర్లు పెట్టొస్తన్నా. మొన్న దాన్నడిగి నాకూ మెడలో వేసుకునే కార్డొకటి చేయించుకున్నా, ఇదిగో చూడండి, ఫొటో కూడా ఉంది, కాస్త నల్లగా పడ్డాలే. రేపు మాపు తీసేస్తే తీసేస్తారు. ముప్పయ్యేళ్ళు ఈ కల్లాల్లో పని చేశాను గానీ నన్నెవరూ తీసెయ్యలేదు. తీసెయ్యాలంటే ముందు నేను ఉన్నానని యాడన్నా రాసుకోవాలిగా.