దివాలా సెలూన్‌కు తొలి గిరాకీ

1989 జూన్ పన్నెండో తేదీన మా దివాలా వ్యవహారాల కార్యాలయంలో గుమాస్తాగా అడుగుపెట్టిన యువకుడే, నేడు మనమంతా సగౌరవంగా వీడ్కోలు పలుకుతున్న రిసీవరు గారు. లోపలికొస్తే పరువు పోతుందనీ, రాకపోతే అప్పులవాళ్ళు ఊపిరాడనివ్వరనీ మెట్ల మీద తచ్చాడే మనుషులను లోపలికి పిలిచి మంచినీళ్ళు ఇవ్వడం, ఎవరూ పురమాయించకుండానే వారు చేపట్టిన మొదటి పని.

క్రమంగా పర్యవేక్షకులై, ఆపై రిసీవరు పదవిని అలంకరించారు. అప్పు తీర్చలేనివారి ఆస్తిని స్వాధీనం చేసుకుని రుణదాతలకు పంచడం, ఉన్నదంతా నిజాయితీగా చూపినవారికి మిగిలిన బాకీల నుంచి న్యాయస్థానం విడుదల ప్రసాదించేలా చూడడం ఆ పదవి ధర్మం. వంటపాత్రలను, పరుపులను, వృత్తి పనిముట్లను చట్టం ముట్టుకోదని వారు ప్రతి ఇంటి గుమ్మంలోనూ చెప్పేవారు. కానీ భయంలో ఉన్నవారికి మంచి మాట ఓ పట్టాన వినబడదు.

రెండో దుకాణం తెరిచి, దెబ్బతిని, ఐపీ పెట్టిన ఒక సెలూన్ యజమాని ఇంట్లో అదే జరిగింది. సామాను రాసుకుంటుండగా, మూలన దుప్పటి కప్పిన ఎత్తైన ఆసనంలో ఆయన తల్లి కనిపించారు. గ్లాసు కోసం ఆమె చేయి చాచగానే ఆసనం గిర్రున గోడవైపు తిరిగింది.

"ఒరేయ్, ఆపండ్రా నన్ను!" అన్నారు పెద్దావిడ.

ఎవరూ నవ్వలేదు. యజమాని గబగబా వచ్చి ఆసనాన్ని పట్టుకుని ఆపారు. "అదొక్కటే మిగిలింది సార్. అదీ పట్టుకుపోతే నన్నూ పట్టుకుపోండి."

"అది నీ పొట్టకూటి సామాను బాబూ, ఎవరూ పట్టుకుపోరు. దాస్తేనే చిక్కు. దాచావని తేలితే కోర్టు నీకు విడుదలే ఇవ్వకపోవచ్చు," అన్నారు రిసీవరు గారు. "ఈ జాబితా మీద నేనింకా సంతకం పెట్టలేదు. ఇంట్లో ఏమేం ఉన్నాయో నువ్వే చెప్పు, మళ్ళీ మొదట్నుంచి."

"మొదట... సెలూన్ కుర్చీ సార్," అంటూ ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

కోర్టు విడుదల ఇచ్చింది, వీధి ఇవ్వలేదు. చిన్న గది అద్దెకు తీసుకుని మళ్ళీ సెలూన్ తెరిస్తే, "ఐపీ పెట్టినవాడి దగ్గరికా?" అంటూ జనం పక్క సందులోకి పోయేవారు. ఈ సంగతి విన్న రిసీవరు గారు ఒక ఆదివారం ఉదయం వెళ్ళి, అందరూ చూస్తుండగా గడ్డం గీయించుకోవడానికి ఆ కుర్చీలో తల వెనక్కి వాల్చారు.

"సామాను రాసుకుపోయినాయన ఆ కత్తికే పీక అప్పగించాడ్రోయ్!" అని ఎదుటి టీ దుకాణం గొల్లుమంది. ఆ నవ్వు వెంటే ఒకరిద్దరు వచ్చి బల్ల మీద కూర్చున్నారు.

మూడేళ్ళ క్రితం సతీమణి దీర్ఘకాలం జబ్బుతో బాధపడి కన్నుమూశాక, రిసీవరు గారు సెలవు పొడిగిస్తూ పోయారు. మేము ఫోన్ చేస్తే "వస్తానండీ" అనేవారు, వచ్చేవారు కారు. ఆమె మందుల సీసాలు ఇంకా తీయని గదిలో, మాసిన గడ్డంతో కూర్చున్న వారి దగ్గరికి సెలూన్ యజమాని పెట్టె పట్టుకుని వెళ్ళారు.

"ఎందుకయ్యా ఇప్పుడు? ఎవరు చూడాలని?"

"మేం చూడాలి సార్. గడ్డం పైకెత్తండి."

నురగ మీదుగా కన్నీళ్ళు జారినప్పుడల్లా ఆ చెయ్యి ఆగి, తుడిచి, మళ్ళీ మొదలుపెట్టిందని రిసీవరు గారే మాకు చెప్పారు. మర్నాడు వారు విధుల్లో చేరారు. దుఃఖం తీరి కాదు. ఇప్పటికీ మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీసి, చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోతారు. అయినా చివరి రోజు దాకా వచ్చారు. వారి చేతి మీదుగా ఎన్నో కుటుంబాలు తలెత్తుకుని ఈ గడప దాటి వెళ్ళాయి.

ఆఫీసు వేళంటూ లేని ఉదయం ఒంటరివారికి ఎంత పొడవో నాకు తెలుసు. అందుచేత, కూతురు, అల్లుడు, మనవల సందడి నడుమ, మంచి ఆకలితో, కలత లేని నిద్రతో, నడిచే ఓపికతో వారు నిండు నూరేళ్ళు చల్లగా ఉండాలనీ, వీలైనప్పుడల్లా మధ్యాహ్నం వేళ మా మధ్యకు రావాలనీ, ఇకమీదట వారి ముందున్న కంచం ఏ పూటా ఒంటరిది కాకూడదనీ మనసారా కోరుకుంటున్నాము.