గోలి మానొద్దని రాయించిన ఆబిదా గారు

1993 జులై పన్నెండో తేదీన సిద్దిపేటలోని మన మూలికాహార పరిశోధన కేంద్రంలో పరిశోధన సహాయకురాలిగా చేరిన డాక్టర్ ఆబిదా సుల్తానా గారు, ముప్ఫై రెండేళ్ల అవిచ్ఛిన్న సేవ అనంతరం ఈ నెలాఖరున సంచాలకుల హోదాలో పదవీ విరమణ చేస్తున్నారు. ఈ సంచికకు నాలుగు మాటలు రాయమనగానే నేను ఒప్పుకున్నది వారిపై గౌరవంతో మాత్రమే కాదు. ఆరేళ్లుగా నా గుండెల మీదున్న బరువును అందరి ముందు దించుకోవడానికి కూడా.

చేరిన తొలి దశాబ్దమంతా వారు ఆకులను ఆరబెట్టి, పొడిచేసి, వాటిలోని పోషకాలను పరీక్షించడంలోనే గడిపారు. మునగాకుపై పరిశోధనకు 2005లో డాక్టరేటు పొందారు. ఆ రోజుల్లో పప్పు నుంచి రొట్టె దాకా తమ ఇంట మునగాకు పడని వంట లేదని వారి కుమార్తె హీబా ఇప్పటికీ ఫిర్యాదు చేస్తుంటారు.

సంచాలకులైన తరువాత, 2019లో, మర్కూక్ పరిసర గ్రామాల్లో మధుమేహానికి గోలీలు వాడుతున్న నూట ఇరవై మందికి, ఆ గోలీలతో పాటు రోజూ మెంతిపొడి ఇస్తే అదనపు మేలు కలుగుతుందా అన్న అధ్యయనాన్ని ప్రారంభించారు. పొట్లాలపై చీటీలు అంటించే బాధ్యత నాది. జనానికి సులువుగా అర్థం కావాలని, నా తెలివినంతా ఉపయోగించి, "షుగర్ పొడి" అని అచ్చు వేయించాను.

మూడో వారం శిబిరానికి వచ్చిన దుర్గవ్వ గారనే రైతుకూలీ కళ్లు తిరిగి కూలబడ్డారు. పరీక్షిస్తే రక్తంలో చక్కెర నాలుగు వందలు దాటింది.

"గోలి ఏసుకుంటలేవా అవ్వా?" అని ఆబిదా గారు అడిగారు.

"షుగర్ పొడి ఇచ్చిన్రు గద మేడం! ఇంక గోలెందుకని బంద్ వెట్టిన."

ఆమెను జీపులో దవాఖానకు చేర్చి, ఆ పూటే అధ్యయనాన్ని నిలిపివేసి, ఆబిదా గారు నన్ను వెంటబెట్టుకొని ఇల్లిల్లూ తిరిగారు. మరో తొమ్మిది మంది గోలీలు మానేసినట్టు తేలింది. ఆ రెండు రోజులూ నాకు అన్నం సహించలేదు. మూడోనాడు పొద్దున దుర్గవ్వ గారు లేచి కూర్చొని, "జర చాయ్ పొయ్యిన్రి, చక్కెర ఎయ్యకున్రి" అన్నప్పుడు, వార్డు బయట గోడకానుకొని ఏడ్చాను. ప్రాణం లేచొచ్చింది, చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు.

ఈ పొరపాటుపై పైవారికి ఇవ్వాల్సిన నివేదికలో, బాధ్యుడిగా నా పేరు ఉండవలసిన చోట ఆబిదా గారు "చీటీ చూసి సంతకం చేసింది నేను" అని రాసి పంపారు. నాతో మాత్రం, "శ్రీనివాస్, ఈసారి చీటీ మనం రాయొద్దు. ఏం రాయాల్నో దుర్గవ్వనే అడుగుదాం" అన్నారు. "ఇది మందు గాదు, గోలి మానొద్దు" అన్న చీటీ అట్లా వచ్చింది. అధ్యయనం మళ్లీ మొదటి నుంచి సాగి, ఏడాది ఆలస్యంగా ముగిసింది. తేలిన ఫలితం "కొంత మేలు". ఎందరు నచ్చజెప్పినా వారు ఆ "కొంత"ను కొట్టేయలేదు.

గత వారం, విరమణ సంగతి తెలిసి, దుర్గవ్వ గారు బస్సెక్కి మన కార్యాలయానికి వచ్చారు. ఆబిదా గారి బల్లమీద ఆమెకు గోలీల షీటు కనబడింది.

"గివి ఎవలియి?"

"నాయే అవ్వా, బీపీవి. పొద్దుగాల యాదిమరిచిన."

"ఇల్లిల్లు దిరిగి మాకు చెప్తివి! మరి నీకెవలు చెప్పాలె?" అంటూ ఆమె గ్లాసులో నీళ్లు పోసి అందించారు. ఆబిదా గారు గోలి మింగారు.

కుటుంబ సభ్యుల మధ్య వారి విశ్రాంత జీవితం సుఖశాంతులతో సాగాలని, వారు సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని సహోద్యోగులందరి తరఫున మనసారా ఆకాంక్షిస్తున్నాను. మునగాకు, మెంతిపొడి ఎట్లాగూ ఇంట్లో ఉండనే ఉంటాయి. మేడం, గోలి మాత్రం మానొద్దు.

— శ్రీనివాస్, పరిశోధన సహాయకుడు