తలుపు మీది చుట్టకుదురు

వీధిగది. తలుపుకి లోపల గడియ వేసి ఉంది. కొత్తకోడలు కిటికీ దగ్గర, అత్తగారు కుర్చీలో.

"అత్తయ్యా, పెట్టేసింది. గుడ్డు పెట్టేసింది. ఒకటి. కాదు, రెండేమో. కిటికీలోంచి మెడ చాచి చూస్తే కనబడింది."

"ఎవరు పెట్టారు, ఏం పెట్టారు? ఊపిరి తీసుకుని చెప్పు."

"పిట్ట అత్తయ్యా. తలుపు మీద నేను కట్టిన రీత్ ఉంది కదా, దాని కింది వంపులో గూడు కట్టుకుంది. నిన్నటిదాకా నాలుగు పుల్లలే కదా అనుకున్నా. ఇవాళ గుడ్డు."

"శుభం. నీ చుట్టకుదురు చూసి ఒక పిట్టయినా మోసపోయింది."

"చుట్టకుదురు కాదండీ, రీత్. తలుపుకి అందం కోసం తగిలించే తీగలచుట్ట."

"నెత్తిన బిందె పెట్టుకునే రోజుల్లో దాన్ని చుట్టకుదురే అనేవాళ్ళం. అదైనా పనికొచ్చేది. పగిలిన బకెట్ అంచు కోసి, దానికి ఎండుతీగలు చుట్టి, సందుల్లో కాయలు గుచ్చితే అందమా? మొన్న చెత్తబండి అతను తలుపు ముందు నిలబడి అడిగాడు, అమ్మా, ఇది కూడా తీసుకెళ్ళాలా అని."

"మీ అబ్బాయి బావుందన్నారు."

"వాడికి కొత్తగా పెళ్ళయింది. నువ్వు తడిగుడ్డ ఆరేసినా వాడికి బావుంటుంది."

"ఎదురింటి టైలరు గారి భార్య కూడా నేర్పమని అడిగింది."

"ఆవిడకి పని లేక."

"ఏం కొన్నానండీ నేను? బకెట్ ఎలాగూ పగిలిందే. తీగలు పక్కింటాయన కత్తిరించి గోడవతల పడేసినవి. కాయలు నేనూ మీ అబ్బాయీ నడకకి వెళ్ళినప్పుడు దారంతా ఏరుకొచ్చాం, ఆయన జేబులు చిరిగేన్ని. వర్షాలు మొదలైతే ఇవి తీసేసి పచ్చాకులు చుడతా. చలికాలం ఎండుగడ్డి. బకెట్ అంచు అదే ఉంటుంది, పైవన్నీ మార్చుకోవడమే. ఎండలొచ్చాక..."

"ఎండలొచ్చాక చూద్దాం. సాయంత్రానికల్లా దింపెయ్యమన్నానా లేదా? రేపు పెద్దకోడలు వస్తోంది. ఈ ఇంటికి మొదటిసారి వస్తోంది. ఇది చూసి నవ్వుతుంది."

"అక్కయ్య ముందే నవ్వేశారు. ఫొటో పంపితే ఎవరైనా పోయారా అని అడిగారు. దీని బదులు తనే ఒకటి కొని తెస్తానన్నారు."

"తెస్తోంది. పెద్ద కొట్లో కొన్నదట, ఉతికినా రంగు పోని ఆకులు, బంగారం రంగు రిబ్బను. నేను సరే అన్నాను. తలుపుకి ఉన్నది ఒక్కటే మేకు."

"నన్నడక్కుండానా?"

"నువ్వు నన్నడిగే కట్టావా?"

"లేదు. కానీ అత్తయ్యా, ఈ ఇంట్లో మంచం మీరు కొన్నది, గిన్నెలు మా అమ్మ కొన్నవి, కుర్చీలు ఓనరువి. నేనంటూ పెట్టింది అదొక్కటే."

"మొదలెట్టావా. సరే, గూడుతో సహా తీసి గోడ మీద పెట్టు. పిట్టకి గోడయినా ఒకటే, తలుపయినా ఒకటే."

"కదిలిస్తే గుడ్లు వదిలేసి పోతుందేమో."

"పోతే పోయింది. ఇల్లు కట్టుకునేటప్పుడు అది తెరుచుకునే తలుపో కాదో చూసుకోనిదానికి పిల్లలెందుకు?"

"అందుకే గడియ వేశా. పిల్లలు ఎగిరేదాకా మనం వెనక తలుపు వాడుకుందాం."

"ఏమిటీ? బట్టలారేసిన తీగల కింద తల వంచుకుని, ఖాళీ గ్యాస్ బండ దాటుకుని, మనింట్లోకి మనమే దొంగల్లాగా? ఆ ఎత్తుమడమల చెప్పులతో పెద్దకోడలు ఆ సందులోంచి వస్తుందా?"

"మీరొక్కసారి చూడండి. ఇక్కడ నిలబడితే చాలు."

"నేనెందుకు చూడాలి? నాకేం పని లేదా? జరుగు. ఎక్కడ?"

"అదిగో, ఆ పెద్దకాయ పక్కన."

"ఇంతేనా పిట్ట? దీనికా ఇంత రాద్ధాంతం? నోట్లో అదేమిటి?"

"దారప్పోగు."

"నీలం పోగు. చుట్టకుదురుకి నువ్వు చుట్టిన ఆ నీలం రిబ్బను ఏ గుడ్డ?"

"పాతగుడ్డే."

"ఏ పాతగుడ్డ?"

"బాగా పాతది."

"అమ్మాయ్."

"మీ నీలం చీర. మీరే మసిగుడ్డల్లో వేశారు కదా, చెంగు ఇంకా బావుందని..."

"నా చెంగు చింపి నువ్వు తలుపుకి కట్టావు. నువ్వు కట్టినదాన్ని అది పీకి పరుపేసుకుంటోంది. బావుంది. ఇంట్లో నీకో జత కుదిరింది."

"కోపమొచ్చిందా అత్తయ్యా?"

"కొన్నప్పుడే మీ మావయ్యకి చెప్పాను, నేత వదులు, పోగు నిలవదని. ఆయన వింటేగా."

"ఒక్క మాట అడగనా? మేకు దగ్గర పురికొస ముడి ఉంది. రెండు పేటలు వేసి గట్టిగా బిగించిన ముడి. అది నేను వెయ్యలేదు."

"మావాడు వేసుంటాడు."

"ఆయనకి బూటులేసు కూడా నేనే కట్టాలి."

"గాలొస్తే చాలు, తలుపుకేసి టకటకా కొట్టుకుంటోంది. ఆ గోలలో ఎవరికి నిద్ర పడుతుంది? కట్టాను. నీదీ ఒక ముడేనా? ఇంత చదువు చదివి బకెట్ ముక్క నిలబెట్టడం రాదు."

"అంటే పడిపోకుండా..."

"అంటే లేదు, గింటే లేదు. ఆ ఫోనిలా ఇవ్వు."

"ఎవరికండీ?"

"ఇవ్వమన్నానా. హలో, పెద్దమ్మాయ్, నేనే. రేపు భోజనాల వేళకి ముందే వచ్చెయ్యండి. ఆ, అందరూ. వీధివైపు మాత్రం రాకండి, ఆ తలుపు తియ్యం. పక్కసందులోంచి వెనక్కి రండి. ఆ ఎత్తు చెప్పులు వద్దు, అక్కడ తడిగా ఉంటుంది. ఏం కాలేదు, అందరం బాగానే ఉన్నాం. అదా? అయ్యో, కొన్నది పారెయ్యడమెందుకు, తీసుకురా. వంటింటి తలుపుకి తగిలిద్దాం. వీధితలుపు ఖాళీ లేదు."