ఒంటిచేత్తో ఊడే ప్లేటు

కరీంనగర్‌లో కెమెరా సామాన్ల దుకాణం. వచ్చినవాడి ఎడమచేతికి పిండికట్టు ఉంది.

“పెద్ద కెమెరాను స్టాండుకు పట్టిచ్చే ప్లేటు గావాలె, కాకా. జల్ది ఊడాలె.”

“లాకున్నది కొంటపో బిడ్డా. జారే ఫికర్ ఉండది. కాకపోతే తీసేటందుకు రెండు చేతులు గావాలె.”

“లాకు లేంది?”

“గిగో. ఒక్క చేత్తో గుంజితె అస్తది. నీ కెమెరా బరువు సుత ఆగుతది. గంత జల్దెందుకు?”

“చెన్నూరు కాడ గోదారిల దొంగ ఇసుక తీసేటోళ్ల ఫొటో కొట్టిన. స్క్రూ తిప్పి కెమెరా ఊడదీసేలోపల మీదవడ్డరు. కెమెరా ఇడ్వలే, చెయ్యి ఇరగ్గొట్టిండ్రు.”

“మళ్ల పోతవా?”

“రేపే. మొకాలు మంచిగ అచ్చినయ్, లారీ నంబర్లే రాలే. గీ ఫొటో సూడు. పార వట్టుకున్నడే, వాడే ఇరగ్గొట్టింది. ముందుగాల వాన్నే జైల్ల ఏపిస్త.”

దుకాణదారు ఫొటో అందుకుని దాని మీదికి వంగాడు. పార పట్టుకున్నవాడు అతని కొడుకు.

ఫొటో తిరిగిచ్చాడు. లాకు లేని ప్లేటును సొరుగులో వేసి మూశాడు.

“అది నీ కెమెరా బరువుకు ఆగది. లాకున్నదే తీస్కపో.”

“నాకిప్పుడు ఒక్కటే చెయ్యి, కాకా. కనవడ్తలేదా?”

“కనవడ్తంది, బిడ్డా.”