టీచర్ గారి భోజనాల బల్ల మీద అమెరికా కాలేజీలు

సభకు పెద్దగా కూర్చున్న డాక్టర్ శరత్ గారికి, రేపు ఫైనల్ ఎగ్జిట్ మీద, ఇక తిరిగి రాకుండా, తెనాలి వెళ్ళిపోతున్న మా నాగమల్లేశ్వరి టీచర్ గారికి, ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగ విరమణ చేసి ఆమెను మా దగ్గర్నుంచి తీసుకుపోతూ నాకు కాస్త కోపం తెప్పిస్తున్న ఆమె భర్త డాక్టర్ రామప్రసాద్ గారికి (నవ్వులు), ఈ వైపు కూర్చున్న అమ్మలకు, అక్కలకు, ఆ వైపు కూర్చున్న అన్నలకు, వెనక వరసలో కూర్చుని ముందుకు రమ్మంటే రాని మా బాపుకు, నమస్కారం.

నా పేరు శ్రీలత. మా బాపు ఎల్లన్న ఈ ఆసుపత్రిలో ఏసీ మెకానిక్కు. మీ అందరి గదులు చల్లగా ఉన్నాయంటే ఆయన చలవే, వేడిగా ఉన్నప్పుడు మీరు తిట్టుకునేదీ ఆయన్నే. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటి మనిషిని నేను. టీచర్ గారి గురించి మాట్లాడమని శరత్ గారు అడిగినప్పుడు వద్దన్నాను, మధ్యలో ఏడుస్తానని. "ఏడిస్తే ఏడువు, మేమూ ఏడుస్తాం" అన్నారు సురయ్యా సిస్టర్. ఆ ధైర్యంతో నిలబడ్డాను.

సౌదీలోని ఈ హుఫూఫ్‌కి మేము వచ్చిన మరుసటి సంవత్సరమే కువైట్ యుద్ధం వచ్చింది. అప్పటికి నాకు పదేళ్ళు. జగిత్యాల దగ్గర మా ఊళ్ళో అవ్వ, అంటే మా అమ్మ, బీడీలు చుడితే నేను దారం కట్టేదాన్ని, అంతే నా చదువు. యుద్ధం రోజుల్లో చాలా కుటుంబాలు ఇండియాకి వెళ్ళిపోయాయి. మేము వెళ్ళలేదు, ఆసుపత్రి నడవాలంటే మెషీన్లు నడవాలి కాబట్టి బాపుని వదల్లేదు. ల్యాబు నడవాలి కాబట్టి రామప్రసాద్ గారినీ వదల్లేదు. సైరన్ మోగినప్పుడల్లా కింది అంతస్తులో టీచర్ గారి ఇంటికి పరుగెత్తేవాళ్ళం. కిటికీ అద్దాలకు అడ్డంగా నిలువుగా టేపులు, తలుపు సందుల్లో తడి తువాళ్ళు. నేను అవ్వ కొంగులో మొహం దాచుకుంటే టీచర్ గారు నా చెయ్యి పట్టి లాగి, "ఏమ్మా, భయపడితే సైరన్ ఆగుతుందా? అది ఆగేలోపు 'క' గుణింతం పూర్తి చెయ్యి, చూద్దాం ఎవరు గెలుస్తారో" అన్నారు. మొదట్లో సైరనే గెలిచింది. యుద్ధం ముగిసేసరికి నేను గెలవడం మొదలుపెట్టాను. (చప్పట్లు) అప్పుడే ఆమె నన్ను తాను పాఠాలు చెప్పే ఇండియన్ స్కూల్లో, నా వయసుకి రెండు తరగతులు కింద, చేర్పించారు. ఆ రెండు తరగతులూ తర్వాత వేసవి సెలవుల్లో ఆమె ఇంట్లోనే దాటాను.

ఇక నా అమెరికా చదువు సంగతి. మీలో చాలామందికి అది తెలుసు, ఎందుకంటే దాంట్లో మీ అందరి సలహాలూ ఉన్నాయి. నేను బిజినెస్ చదువుతానన్నప్పుడు బాపు, "కొట్టు పెట్టేటందుకు కాలేజెందుకు బిడ్డా?" అన్నాడు. మా అవ్వ చుట్టిన బీడీల్లోంచి ఇది బాగాలేదు, అది బాగాలేదని కార్ఖానా వాళ్ళు తీసి పారేసేవాళ్ళు. ఆ ఏరివేత ఎవరి ఇష్టమో, ఆ ధర ఎవరు నిర్ణయిస్తారో నాకు తెలియాలి, అందుకు అని చెప్పాను.

టీచర్ గారి తమ్ముడు ఒహాయోలో ఉన్నారు కాబట్టి మా వెతుకులాట అంతా ఆ చుట్టుపక్కల రాష్ట్రాల్లోనే సాగింది. కాలేజీలు పంపిన రంగుల పుస్తకాలు ఆసుపత్రి పోస్ట్ బాక్సుకి వచ్చేవి. ఇక్కడి సెన్సారు పద్ధతి మీకు తెలిసిందే, చేతులూ కాళ్ళూ కనిపించే ఆడపిల్లల బొమ్మలన్నిటి మీదా నల్ల సిరా పూసి ఉండేది. టీచర్ గారి భోజనాల బల్ల మీద వాటిని పరిచి అందరం చూసేవాళ్ళం. అయోవా కాలేజీ పుస్తకం తెరిస్తే పేజీ పేజీకీ నలుపే. మా అవ్వ లెంపలు వేసుకుంది. ఇండియానా కాలేజీ పుస్తకంలో మాత్రం ఒక్క నల్లగీత లేదు. మా బాపు దాన్ని రెండు చేతులా పట్టుకుని, "గిది పద్ధతి గల్ల కాలేజి బిడ్డా. గీడ ఆడివిల్లలు ఎంత ఒద్దికగున్నరో సూడు, ఒక్కరి మీద గూడ సిరా పడలె" అన్నాడు. రామప్రసాద్ గారు ఔనన్నారు. శరత్ గారూ, మీరు కూడా ఔనన్నారు! (నవ్వులు) అప్లికేషన్ పంపించాం. నెల తర్వాత ఎంతో మర్యాదగా జవాబు వచ్చింది, తమది మగపిల్లల కాలేజీ అని, అక్కడ ఆడపిల్లలను చేర్చుకోరని. (పెద్దగా నవ్వులు)

బాపూ, నవ్వుతున్నావా? నవ్వు.

ఆ రోజు టీచర్ గారు మా అందరి ముందూ ఆ పుస్తకాలను తిప్పి, వెనక వైపు పేజీలు, బొమ్మలు లేని చిన్న అక్షరాల పేజీలు పైకి వచ్చేలా పెట్టారు. "ఏమే, ఇక బొమ్మలు చాలు. చేర్చుకునేటప్పుడు అందరూ తియ్యగానే మాట్లాడతారు. మూడో ఏడు నిన్ను ఏం చేస్తారో అది చదువు" అన్నారు. అలా చదివాను. చివరికి రెండే మిగిలాయి. ఒహాయోలో పెద్దది, అయోవాలో చిన్నది. రెండూ స్కాలర్‌షిప్పు ఇస్తామన్నాయి. టీచర్ గారు ఒహాయో అన్నారు. తమ్ముడి ఇల్లు అక్కడికి దగ్గర, ఆదివారం పప్పన్నం దొరుకుతుంది, జ్వరం వస్తే చూసే మనిషి ఉంటారు. నా కబురు తెనాలిలో తనకు అందుతుందని కూడా అనుకున్నారు. ఆ మాట ఆమె పైకి అనలేదు, నాకు తెలుసు.

టీచర్ గారూ, నాకు ఒహాయో వద్దు. అయోవా వెళ్తాను.

ఈ మాట మీకు నిన్న చెబుదామని వచ్చాను. మీరు సామాను సర్దుతూ, ఒహాయోకి పట్టుకుపొమ్మని మీ శాలువా నా భుజాల మీద కప్పారు. చెప్పకుండానే, ఆ శాలువాతో ఇంటికి వచ్చేశాను. బాపుకి చెబితే, "నాకేం తెల్వది బిడ్డా. టీచరమ్మ సరే అంటెనే అయోవా. లేకుంటే ఒహాయోకే పో" అన్నాడు. శనివారం రెండు కాలేజీలకూ జవాబు రాయాలి. రేపు మీరు విమానం ఎక్కుతారు. అందుకని ఇంతమందిలో అడుగుతున్నాను, క్షమించండి. ఒహాయోలో అందరినీ కాలేజీలో చేర్చుకుంటారు గానీ, బిజినెస్‌లోకి మాత్రం రెండేళ్ళ తర్వాత మళ్ళీ ఏరుతారు. ఏరివేతలో పోయినవాళ్ళు వేరే ఏదో చదువుకోవాలి. అయోవాలో మొదటి రోజు నుంచే బిజినెస్. మీరు చదవమన్న చిన్న అక్షరాల్లోనే ఉంది టీచర్. నాకు భయం వేసింది. మా అవ్వ బీడీలను ఏరినట్టు నన్నూ ఏరి పక్కన పడేస్తే, అంత దూరం వెళ్ళి ఏ మొహంతో తిరిగి వస్తాను?

(టీచర్ గారు కుర్చీలోంచే: "మంచు సెలవులకి హాస్టలు మూసేస్తారు. అప్పుడెక్కడుంటావే?")

అడిగాను టీచర్. బయటి దేశాల పిల్లల కోసం ఒక ఇల్లు తెరిచి ఉంచుతారట.

("వంట?")

మా అవ్వ నేర్పింది. పప్పు మాడదు, అన్నం సంగతి హామీ ఇవ్వలేను. (నవ్వులు)

("అక్కడ మనవాళ్ళు ఒక్కరూ లేరు కదే, అమ్మాయ్.")

లేరు టీచర్. మేము ఈ ఊరికి వచ్చినప్పుడు కూడా ఒక్కరూ లేరు. మీది కృష్ణ అవతల, మాది గోదావరి ఒడ్డు. మీ మాట మా అవ్వకు సగం అర్థమయ్యేది కాదు, ఆమె మాట మీకూ అంతే. సైరన్ మోగి మేము మీ తలుపు కొట్టినప్పుడు మీరు మావాళ్ళు కారు. తలుపు తీసి, తడి తువాలు పక్కకి జరిపి, లోపలికి రమ్మన్నాక మావాళ్ళు అయ్యారు. అయోవాలో కూడా ఎవరో ఒకరు తలుపు తీస్తారు. తియ్యకపోతే, ఇంకొకరెవరైనా వచ్చి కొట్టినప్పుడు నేను తీస్తాను.

(టీచర్ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, వెనక వరసకేసి తిరిగి: "ఎల్లన్న గారూ, నేను ఒప్పుకున్నాను. పిల్లని అయోవా పంపించండి." వెనకనుంచి బాపు: "మీరెట్లంటె గట్లనే టీచరమ్మా.")

ఇంకా రెండు పేజీలు రాసుకొచ్చాను. అవి చదవలేను, నా కళ్ళకు అక్షరాలు కనిపించడం లేదు. శరత్ గారికి, ఈ హాలు ఇప్పించిన పెద్దలకు, వంట చేసిన అమ్మలకు, ఏడుస్తానని మాట ఇచ్చి నిలబెట్టుకున్న సురయ్యా సిస్టర్‌కి కృతజ్ఞతలు. టీచర్ గారూ, మిమ్మల్ని సాగనంపడానికి మైకు పట్టుకుని, మీ చేతే నన్ను సాగనంపించుకున్నాను. మీరు క్షేమంగా చేరండి. నేనూ చేరి ఉత్తరం రాస్తాను. సెలవు.