కాఫీ డబ్బాలో నీలిపురుగులు

నిద్ర నటించకురా వెండెల్. మొహం మీద టోపీ బోర్లించుకుంటే నిద్రపోయినట్టా? ఆ గురకేంటి, పాత ట్రాక్టరు స్టార్టు చేస్తున్నట్టు? ఇంకొకణ్ణయితే నమ్మించేవాడివేమో. ఎదురుగా కూర్చున్నది ఈ రోసెందో బ్రాకమోంటే. చచ్చిన పురుగుకీ, చచ్చినట్టు పడున్న పురుగుకీ తేడా ఏంటో కళ్ళకి గంతలు కట్టినా చెప్పగలవాడు ఈ టూసాన్ ఊరు మొత్తానికి నేనొక్కణ్ణే. మన పురుగుల క్లబ్బులో అందరూ ఆ మాటే చెప్పుకుంటారు. చెప్పుకోకపోతే నేనే గుర్తుచేస్తాను, అది వేరే సంగతి.

సరే, అలాగే పడుకో. చెవులకి టోపీ లేదుగా. విను.

చేతులు కడుక్కుందామని నీ ఇంటి వెనక గదిలోకి వెళ్ళాను. గాజుతొట్టి చూశాను.

ఏం కట్టావురా. ముందు పలకరాళ్ళు అడుగున గాజుకే ఆనించావు, ఆ తరవాత ఇసక పోశావు. ఇసక మీద రాయి పెడితే పురుగు కిందికి తవ్వుకుంటూ పోయి నలిగి చస్తుందని నీకెవరు నేర్పారు? ఇసకలో కాస్త బంకమట్టి కలిపితేనే బొరియ కూలకుండా నిలుస్తుందని ఎవరు చెప్పారు? వేడి బల్బు ఒక మూలకే, రెండో మూల చల్లగా. నీళ్ళగిన్నె లేదు, దాహానికి ఆపిల్ ముక్క ఒకటి. చిల్లులు పడ్డ చోయా కాక్టస్ ఎండుకొమ్మ ఏటవాలుగా. అంతా నేను నేర్పిన పనే. అందులో నీదంటూ ఒక్క రవ్వ లేదు.

నువ్వు మొదటిసారి నా గుమ్మం ఎక్కినప్పుడు ఏం పట్టుకొచ్చావో గుర్తుందా? చేపలతొట్టిలో పూలకుండీ మట్టి పోసి, పొద్దునా సాయంత్రం నీళ్ళు చల్లి, నీలిపురుగులు నల్లబడిపోయాయి రోసెందో అంటూ ఏడుపుమొహం వేశావు. తేమ తగిలితే వాటి ఒంటి మీది నీలిపొడి పోతుందన్న సంగతే తెలియని మనిషివి. ఎడారిలో పుట్టి పెరిగినవాడివి, సిగ్గులేదా అని తిట్టి, దగ్గర కూర్చోబెట్టుకుని తొట్టి కట్టి చూపించాను. నేను ఇసక పోస్తే ఎలా ఉంటుందో ఊరికి తెలుసు. నా కిటికీ బయటికి ఒక కొయోట్ నక్క వచ్చి, తన కొండ గాజులోకి ఎలా వెళ్ళిందా అని గొంతు పోయేదాకా అరిచింది. పక్కింటావిడ సాక్షి. ఆవిడ పోయిందనుకో, అయినా సాక్షే.

ఏం మాట్లాడుతున్నాను... ఆఁ. నీ తొట్టిలో మార్కేసా నడుస్తోంది.

నా మార్కేసా. ముందుకాలు సగానికి తెగి, కొత్త చెప్పులు కరిచిన ముసలి దొరసానిలా కుంటే పురుగు అరిజోనాలో ఇంకొకటి ఉందా? ఎండకి వెలిసిన పనిబట్టల నీలం, అదే నీలం. నేను వేలు పెట్టానో లేదో, కాళ్ళు ముడుచుకుని వెల్లకిలా పడిపోయింది. నవ్వొచ్చింది నాకు. ఆ తరవాత నవ్వు ఎటు పోయిందో తెలియలేదు.

ఎందుకంటే మార్కేసా చచ్చిపోయింది. చెప్పింది నువ్వే.

ఆస్పత్రిలో నా ముక్కుకి గొట్టాలు పెట్టి ఉన్నాయి. నువ్వు కాఫీ డబ్బా పట్టుకొచ్చావు. మా అమ్మాయి ఇంట్లో తేళ్ళమందు కొట్టించిందనీ, ఆ గాలికి నా పురుగులన్నీ పోయాయనీ అన్నావు. మూత తీసి చూపించావు. అన్నీ వెల్లకిలా, కాళ్ళు ముడుచుకుని. ఒక్కటి కదల్లేదు.

పురుగు చచ్చిందంటే నమ్మకండి, వెచ్చటి ఇసక మీద పెట్టి ఒక పూట ఓపిక పట్టండి అని క్లబ్బులో ఎంతమందికి చెప్పానో. ఆ రోజు నేనే పెట్టి చూడలేదు. ఎందుకో చెప్పనా? పరీక్షిస్తే నిన్ను నమ్మనట్టు అవుతుందని. డబ్బా మూత నా చేత్తో నేనే మూశానురా.

నా పెరట్లో పాలోవెర్దే చెట్టు కింద పాతిపెట్టానన్నావు. ఇంటికొచ్చిన మొదటిరోజే కర్ర ఊతంగా వెళ్ళి, టోపీ తీసి నిలబడ్డాను. ఉత్త నేల ముందు నా చేత గుండెల మీద సిలువ గుర్తు వేయించావు.

లేచావా. పోనీలే. ఆ కళ్ళు తుడుచుకుని చెప్పు, నేలకేసి చూడకు.

ఎవరన్నారు? డాక్టరా? నీతోనా?

నేను ఇక ఇంటికి రానని.

ఓహో. అమ్మాయి అప్పుడే తొట్టి ఎవరికో ఇచ్చేస్తానందా. అందుకని వాటిని నువ్వు ముందే ఇక్కడికి తెచ్చేసుకున్నావు. పురుగులైనా బతకాలని. మరి ఆ ముక్క నాతో అనొచ్చుగా? అంటే, నువ్వు పోతున్నావు రోసెందో అని కూడా అనాలి, నీకు నోరు రాలేదు. దానికంటే పురుగుల్ని చంపేయడం తేలికైంది.

మరి నేను తిరిగొచ్చాక?

అదీ సంగతి. ఇచ్చేస్తే అబద్ధం బయటపడుతుంది. అందుకని మా వీధి మొహమే చూడ్డం మానేశావు. నీకు ఒంట్లో బాగాలేదేమోనని నేనొక పిచ్చివాణ్ణి, పచ్చి మొక్కజొన్న రుబ్బి, పొత్తు ఆకుల్లో చుట్టి ఉడికించిన తమాలెలు మూట కట్టుకుని వచ్చాను. అదిగో బల్ల మీద. ముట్టుకున్నావంటే చూడు.

వాటిని చచ్చాయన్నందుకు కాదురా నా బాధ. చచ్చినట్టు పడుకోవడం వాటికి అలవాటే. నన్ను కూడా అదే డబ్బాలో వేసి మూత పెట్టావు చూడు, అదీ. ఇన్నేళ్ళు పక్కనున్నావే, నా విషయంలో డాక్టరు మాట నమ్మావా? ఒక పూట ఓపిక పట్టలేకపోయావా?

వద్దు, ఏమీ చెప్పకు. చెబితే అది కూడా నమ్మేస్తాను, నా ఖర్మ.

లే. మార్కేసాని నేను తీసుకుంటాను. చేతులు వణికితే వణకనీ, దానికి నా వణుకు తెలుసు. తొట్టి నువ్వు ఎత్తుకురా, ఆ రాళ్ళతో నాకు లేవదు. కారు తాళాలు కూడా తీసుకో. ఆస్పత్రి నుంచి రాగానే నా లైసెన్సు లాగేసుకున్నారు, క్లబ్బులో ఎవడికీ తెలియదు. నేను బస్సులో వచ్చాను.

ముందు సీట్లో కూర్చుంటాను గానీ నాతో మాట్లాడకు. నెమ్మదిగా నడుపు. నిన్ను క్షమించాననుకునేవు, అదేం లేదు. నడిపేవాడు ఇంకొకడు లేడు, అంతే.